చాంపియన్‌షిప్ క్లబ్బులు ఆదాయాన్ని మించి జీతాలు ఎందుకు ఇస్తాయి?

ఇంగ్లండ్ రెండో డివిజన్ అయిన చాంపియన్‌షిప్‌లో చాలా ఫుట్‌బాల్ క్లబ్బుల జీతాల ఖర్చే మొత్తం ఆదాయాన్ని దాటిపోతోంది, నష్టమని తెలిసీ ఎందుకిలా చేస్తారు అని అడిగారు. పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌కి వెళ్తే ఆఖరి స్థానంలో ఉన్న జట్టుకి కూడా ఏడాదికి పది కోట్ల పౌండ్ల దాకా ముడుతుంది కాబట్టి అని అందరూ చెప్తారు. నిజమే. కానీ అసలు క్లబ్బు ఎక్కడ మునుగుతుందో ఎవరూ చెప్పరు. మొదటి ఏడాది జీతంతో ఏ క్లబ్బూ మునగదు. ముంచేది రెండో ఏడాది, మూడో ఏడాది జీతమే.

లెక్క చూడండి. వారానికి 20 వేల పౌండ్ల మీద ఒక ఫార్వర్డ్‌ని మూడేళ్లకి తీసుకున్నారనుకుందాం. ఏడాదికి 10.4 లక్షలు. దాని మీద యజమాని ప్రభుత్వానికి కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 15 శాతం. కలిపి దాదాపు 12 లక్షలు, మూడేళ్లకి 36 లక్షల పౌండ్లు. ఏజెంటు కమీషన్, గెలుపు బోనస్‌లు ఇంకా కలపలేదు. ఇలాంటివాళ్లు పదిమంది ఉంటే 3.6 కోట్లు. మూడేళ్లలో ఒక చాంపియన్‌షిప్ క్లబ్బు చూపించడానికి లీగ్ నిబంధన ఒప్పుకునే మొత్తం నష్టమే 3.9 కోట్లు, అదీ యజమాని సొంత డబ్బు వాటాగా పెడితేనే!

ఇరవై నాలుగు క్లబ్బుల్లో పైకి వెళ్లేవి మూడే. వెళ్లలేకపోతే ఆ ఒప్పందాలు గుదిబండలే. డివిజన్ దిగిపోతే జీతం తగ్గాలన్న షరతు ఒప్పందాల్లో మామూలే, కానీ పైకి వెళ్లకపోతే తగ్గాలన్న షరతుకి ఏ ఏజెంటు ఒప్పుకుంటాడు? పోనీ అమ్మేద్దామంటే అవతలి క్లబ్బు వారానికి 12 వేలే ఇస్తానంటుంది. ఆటగాడు 8 వేలు ఎందుకు వదులుకుంటాడు? చివరికి అతన్ని కొన్నాళ్లకి అరువుగా (లోన్) వేరే క్లబ్బుకి పంపించి, ఆ తేడా మనమే కడతాం.

2014 మే 24న లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన ప్లేఆఫ్ ఫైనల్, అంటే పైకి వెళ్లే మూడో జట్టుని తేల్చే మ్యాచ్ తీసుకోండి. తలపడింది డార్బీ కౌంటీ, క్యూపీఆర్ (క్వీన్స్ పార్క్ రేంజర్స్). ఆ ఏడాది క్యూపీఆర్ జీతాల ఖర్చు ఆదాయానికి దాదాపు రెట్టింపు. రెండో సగంలో గ్యారీ ఓనీల్‌కి ఎర్రకార్డు, క్యూపీఆర్ పదిమందితో మిగిలింది. ఆటంతా డార్బీదే. 90వ నిమిషంలో డార్బీ కెప్టెన్ రిచర్డ్ కియో బంతిని సరిగ్గా బయటికి కొట్టలేకపోయాడు, అది బాబీ జమోరా ఎడమకాలి ముందు పడింది. గోల్. క్యూపీఆర్ పైకి వెళ్లి మరుసటి ఏడాదే ఆఖరి స్థానంతో కిందికొచ్చింది. ఆ ఖర్చుతో నష్టాల పరిమితి దాటినందుకు 2018లో లీగ్‌తో దాదాపు 4.2 కోట్ల పౌండ్ల రాజీ చేసుకుంది. అందులో జరిమానా 1.7 కోట్లు.

ఓడిన డార్బీ గతి ఇంకా ఘోరం. కొత్త యజమాని మెల్ మోరిస్ ఆ ఒక్క గోల్ దూరాన్ని డబ్బుతో దాటాలని చూశాడు. జీతాలు పెరుగుతూ పోయాయి, మేనేజర్లు మారుతూ పోయారు. 2019లో మళ్లీ ఫైనల్, ఆస్టన్ విల్లా చేతిలో 2-1తో ఓటమి. నష్టాల పరిమితి దాటకుండా పుస్తకాల్లో చేసిన సర్దుబాట్లు రెండు. ఒకటి, ప్రైడ్ పార్క్ స్టేడియాన్ని మోరిస్‌కే చెందిన కంపెనీకి 8.11 కోట్లకి అమ్మడం. రెండోది, ఆటగాళ్ల కొనుగోలు ఖర్చు రాసే పద్ధతి. నాలుగేళ్ల ఒప్పందం మీద 80 లక్షలకి కొంటే ఏటా 20 లక్షల చొప్పున ఖర్చు రాయాలి. డార్బీ మాత్రం ఆటగాడిని తర్వాత అమ్మితే ఇంత వస్తుందని ఊహించుకుని, ఖర్చులో ఎక్కువ భాగం ఒప్పందం చివరి ఏడాదికి నెట్టింది. 2021 సెప్టెంబరులో అడ్మినిస్ట్రేషన్, అంటే అప్పులు తీర్చలేక క్లబ్బు బయటి నిర్వాహకుల చేతికి వెళ్లడం. దానికి 12 పాయింట్లు, లెక్కలకి 9 పాయింట్లు కోత. వేన్ రూనీ మేనేజరుగా ఉన్న జట్టు మైదానంలో 55 పాయింట్లు సంపాదిస్తే పట్టికలో 34 మిగిలి, మూడో డివిజన్‌కి పడిపోయింది.

ఇక్కడ నాకు కడుపు మండే విషయం ఒకటుంది. క్లబ్బు దివాలా తీస్తే లీగ్ నిబంధన ప్రకారం ఆటగాళ్లకి, ఇతర క్లబ్బులకి బాకీ పూర్తిగా కట్టాలి. స్టేడియంలో భోజనాలు వడ్డించినవాడికి, గడ్డి మందు అమ్మినవాడికి, అంబులెన్సు పెట్టినవాడికి పౌండుకి కొన్ని పెన్నీలు మిగులుతాయి. ఇంతకంటే అన్యాయమైన వరుస ఇంకోటుందా? ముందు ఆ నిబంధన ఎత్తేయాలి. అప్పుడు అరువు మీద ఆటగాళ్లని అమ్మే క్లబ్బులే కొనేవాడి జేబు చూసి అమ్ముతాయి.

యజమాని దగ్గర డబ్బుంది కదా, భయమేంటి అనేవాళ్లు బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని చూడాలి. హైదరాబాద్‌లో పుట్టి పుణెకి మారిన వెంకటేశ్వర హ్యాచరీస్ వాళ్లు, అంటే వెంకీస్ రావు కుటుంబం, 2010లో కొన్న క్లబ్బు. 2012లో ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయినప్పటి నుంచి ఏటా నష్టాన్ని పూడ్చింది ఇండియా నుంచి వెళ్లిన డబ్బే. ఈడీ విచారణ మొదలయ్యాక ఆ డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి, బ్యాంకు గ్యారంటీ కావాల్సొచ్చింది. యజమానికి మనసుంది, సొమ్ముంది, పంపే దారే ఇరుకైపోయింది. 2024 ఫిబ్రవరి మొదట్లో సొంత అకాడమీ కుర్రాడు ఆడమ్ వార్టన్‌ని సుమారు 1.8 కోట్లకి క్రిస్టల్ ప్యాలెస్‌కి అమ్మేశారు. అదే ఏడాది అతను ఇంగ్లండ్ జట్టులోకి వెళ్లాడు.

మీ అభిమాన క్లబ్బు ఎక్కడుందో తెలుసుకోవాలంటే కంపెనీస్ హౌస్ (బ్రిటన్ ప్రభుత్వ కంపెనీల రిజిస్ట్రీ) వెబ్‌సైట్లో ఖాతాలు ఉచితంగా దొరుకుతాయి. టర్నోవరు (మొత్తం ఆదాయం) చూడండి, నోట్స్‌లో సిబ్బంది ఖర్చు చూడండి, రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. 70 శాతం లోపుంటే నిశ్చింత. నూరు దాటితే గోయింగ్ కన్సర్న్ (క్లబ్బు ఇకముందు నడవగలదా) అన్న పేరాకి వెళ్లండి, యజమాని ఎన్ని నెలల వరకు ఆదుకుంటానని మాటిచ్చాడో అక్కడే ఉంటుంది. తర్వాత తాకట్ల వివరాలుండే చార్జెస్ పేజీ తెరిచి, స్టేడియం, రాబోయే టీవీ డబ్బు ఎవరికైనా తాకట్టు పెట్టారేమో చూడండి. ఖాతాలు గడువు దాటినా దాఖలు కాలేదంటే మాత్రం సీజన్ టికెట్ డబ్బు కట్టేముందు ఆగండి.