దారిబత్తెం: హెచ్చరిక బోర్డు పెడితే జనం రారా?

(ప్రయాణాల మీద పాఠకుల ప్రశ్నలు, నెల్లూరు నుంచి జవాబులు)

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. తీరంలో చేపల వేపుడు, భోజనాల అంగడి నడుపుకుంటాం. ఎండాకాలంలో బయటూరి పిల్లలు ఇద్దరు అలల్లో కొట్టుకుపోయారు. టీవీలో అదే పనిగా చూపించారు. అప్పట్నుంచి ఆదివారాలు కూడా జనం పలచబడ్డారు. హెచ్చరిక బోర్డులు పెట్టిద్దామని మా ఆయన అంటే, 'ఉన్న బేరం కూడా పోతాది, ఊరి పేరు చెడిపోతాది' అని మిగతా అంగళ్లవాళ్లు అడ్డం పడ్డారు. మీరేమంటారు? మా ఊరి పేరు మాత్రం వేయొద్దండీ.
- ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు ఆ ఇద్దరు బిడ్డల తల్లిదండ్రుల్ని తలుచుకుంటాను. బేరం సంగతి తర్వాత. మీరడిగినదానికి నా మాట ఒక్కటే: బోర్డు పెట్టండి. మీ ఆయన మాటే నిలబెట్టండి.

మాది ట్రావెల్స్ వ్యాపారం. బండ్లు మా ఆయన చూసుకుంటే ఫోన్లు ఏళ్ల తరబడి నేనే ఎత్తాను. ప్రయాణం మానుకునేవాళ్లు ఏ భయంతో మానుకుంటారో వినీ వినీ నాకు తెలుసు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు కట్ట దెబ్బతింది. దారి బాగుపడి లారీలు మామూలుగా తిరుగుతున్న రోజుల్లో కూడా 'నెల్లూరు ఇంకా నీళ్లలోనే ఉందా?' అని చెన్నై నుంచి అడిగేవాళ్లు. వాళ్లనేం అంటాం? తెగిన రోడ్డును టీవీలో పొద్దస్తమానం చూపించారు. బాగుపడిన రోడ్డును చూపించినవాళ్లు లేరు.

భయానికి దూరాలు కూడా తెలియవు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చిందన్న వార్త పుట్టింది. చనిపోయింది సుమారు యాభై మంది. కొన్ని దేశాలు మన దేశానికి విమానాలే ఆపేశాయి. సూరత్ ముఖం కూడా చూడనక్కర్లేని విదేశీ యాత్రికులు ఇండియా ప్రయాణమే రద్దు చేసుకున్నారు. మీ తీరంలో ప్రమాదం జరిగితే తమ దగ్గరి కొత్తపట్నం తీరానికి పోవాలనుకున్న ఒంగోలు కుటుంబం ఇంట్లో కూర్చోవడం కూడా ఇలాంటిదే.

ఆ సూరత్ తర్వాత ఏం చేసిందో మీ పక్క అంగళ్లవాళ్లకు చెప్పండి. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు 'మా ఊళ్లో ఏమీ లేదు' అని ప్రకటనలిచ్చి ఊరుకోలేదు. చెత్త ఎత్తించాడు, హోటళ్ల శుభ్రత మీద పడ్డాడు, అధికారుల్ని రోజూ వీధుల్లోకి పంపాడు. కొద్ది కాలంలోనే దేశంలోని శుభ్రమైన నగరాల్లో సూరత్ పేరు చేరింది. చెడిన పేరు బాగుపడింది చేసిన పనితోనే.

ఇంకో సంగతి. మన భయాలు అసలు ప్రమాదాన్ని కొలిచి పుట్టవు. ఒక్కసారిగా, పదిమందికి కలిపి, కళ్లముందు జరిగినదానికి వణుకుతాం. ఒక్కొక్కరుగా రోజూ పోయేదాన్ని పట్టించుకోం. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానం మానేసి కార్లెక్కారు. ఆ ఏడాదిలో దానివల్ల రోడ్ల మీద అదనంగా సుమారు 1,500 మంది చనిపోయి ఉంటారని గెర్డ్ గిగెరెంజర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త లెక్కగట్టాడు. మన దేశంలో ఒక్క 2022లోనే రోడ్డు ప్రమాదాల్లో 1,68,000 మందికి పైగా పోయారు. నాకు ఫోన్ చేసి 'సునామీ వస్తుందంటున్నారు, నిజమా?' అని అడిగినవాళ్లు ఎందరో. 'డ్రైవరు రాత్రి సరిగా నిద్రపోయాడా అమ్మా?' అని అడిగేవాళ్లు మాత్రం బహు అరుదు. నాకు బాధగా ఉండేది.

సముద్రం విషయంలోనూ ఇదే తిరకాసు. 2004 డిసెంబరు 26న సునామీ మన తీరాన్ని కొట్టింది, రాష్ట్రంలో వందమందికి పైగా చనిపోయారు. ఆ దుఃఖం చిన్నది కాదు. దాని తర్వాతే, 2007లో, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. ఈతకు దిగిన పిల్లల్ని మింగేది మాత్రం ఎండ కాస్తున్న మామూలు ఆదివారం పూట, ఒడ్డు నుంచి లోపలికి లాగే నీరు.

ఇది ఎలా జరుగుతుందో మీ అంగడికొచ్చే ప్రతి ఒక్కరికీ తెలియాలి. అలలు మోసుకొచ్చిన నీరంతా మళ్లీ లోపలికి పోవాలి గదా. నీటి అడుగునున్న ఇసుక తిన్నెల మధ్య సందు దొరికితే అక్కడ్నుంచి ఏరులా జోరుగా వెనక్కి పోతుంది. ఆ సందులో అలలు పెద్దగా విరగవు, నురుగు తక్కువ, నీరు కాస్త ముదురు రంగులో నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు 'ఇక్కడ అలలు లేవు, పిల్లల్ని ఇక్కడే దింపుదాం' అని సరిగ్గా ఆ చోటికే పోతారు! మీ పట్టపుపాళెంలో చేపల వేటకు పోయేవాళ్లు ఆ చోటును ఒడ్డున నిలబడే చూపించగలరు. వచ్చినవాళ్లకు అది తెలియదు. తెలిసినవాడు పక్కనే ఉండి, తెలియనివాడు మునిగిపోవడం కన్నా ఘోరం ఏముంది?

అందుకే 'ప్రమాదం, స్నానం నిషేధం' అని పాడుబడ్డ రేకు మీద రాసి చేతులు దులుపుకుంటే చాలదు. అలాంటి బోర్డు జనాన్ని భయపెడుతుంది గానీ కాపాడదు. ఎక్కడ దిగకూడదో, ఎక్కడ మోకాటి లోతు దాకా దిగొచ్చో, ఏ వేళ అసలు వద్దో రాయండి. లోపలికి లాగితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు పొడవునా పక్కకు ఈదాలనీ, ఈత రానివాళ్లు పెనుగులాడకుండా చెయ్యెత్తి తేలడానికి చూడాలనీ బొమ్మ వేయించండి. ఇసుక తిన్నెలు జరుగుతుంటాయి, ఆ చోటూ మారుతుంది. కాబట్టి వేటగాళ్లలో ఒకరు పొద్దున్నే చూసి జెండా మార్చాలి. తాడు, గాలి ట్యూబు, లేకపోతే మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను అందుబాటులో వేలాడదీయండి. కాపాడబోయి తామూ పోయేవాళ్లు చాలామంది ఉంటారు. నీళ్లలో దూకడం కన్నా తాడు విసరడం నయం. 108, 112 నంబర్లు పెద్దక్షరాల్లో ఉండాలి. పాళెం కుర్రాళ్లలో ఈత బాగా వచ్చిన ఇద్దరికి సెలవురోజుల్లో కూలి ఇచ్చి కాపలా పెట్టండి. ఆ ఖర్చు అంగళ్లన్నీ పంచుకోవచ్చు. పంచాయతీ తీర్మానం చేయించి పర్యాటక శాఖకూ, కలెక్టరుకూ అర్జీ పెట్టండి.

బోర్డు చూసి జనం పారిపోతారంటారా? గోవాలో 2008 నుంచి జీతమిచ్చి ప్రాణరక్షకుల్ని తీరం పొడవునా పెట్టారు. జనం తగ్గలేదు. విశాఖలో రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఇచ్చేటప్పుడు నీటి శుభ్రతతో పాటు ప్రాణరక్షణ ఏర్పాట్లు కూడా చూస్తారు. పిల్లల్ని తీసుకొచ్చే తల్లి జెండా, తాడు, కాపలా మనిషి కనిపిస్తే కుదురుగా కూర్చుని మీ వేపుడు తింటుంది. ఏమీ లేని తీరంలో అరగంట కూడా నిలవదు.

ఏర్పాట్లన్నీ అయ్యాక అప్పుడు చూపించిన టీవీ వాళ్లనే పిలవండి. ఆ తర్వాత మీ ఊరి పేరు రాసి నాకు మళ్లీ ఉత్తరం వేయండి. ఈ పేజీలో పెద్దగా వేస్తాను.

ప్రశ్న: మా అబ్బాయి స్నేహితులతో దోర్నాల మీదుగా శ్రీశైలం పోతాడట, దారిలో తుమ్మలబైలు దగ్గర అడవి సఫారీ చేస్తారట. మా మామగారు 'అది అన్నల అడవి, పైగా పులులు, పంపొద్దు' అంటున్నారు. పంపొచ్చా?
- ఒక తల్లి, ఒంగోలు

జవాబు: పంపండమ్మా. మీ మామగారి భయాన్ని మాత్రం తీసిపారేయొద్దు, అది చూసిన కాలం నుంచి వచ్చింది. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు నక్సలైట్ నాయకులు అడవి నుంచి బయటికొచ్చింది దోర్నాల వైపు చిన్నారుట్ల దగ్గరే. ఆ ఏళ్లలో మార్కాపురం, యర్రగొండపాలెం వైపు పల్లెలు దళాలకూ పోలీసులకూ మధ్య నలిగిపోయాయి. చర్చలు చెడ్డాక కొద్ది ఏళ్లకే నల్లమలలో ఆ ఉద్యమం బలం పోయింది. ఇరవై ఏళ్లు గడిచినా పేరు మాత్రం అడవిని వదల్లేదు. ఆ పేరు వల్ల నష్టపోయేది అడవినే నమ్ముకున్న చెంచులు, దారి పక్క టీ బంకుల వాళ్లు.

పులులంటారా, విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం అది. జీపులో అటవీశాఖ మనిషి వెంట పోయేవాళ్లకు పులి కనబడితే అదృష్టమే. మీరు అడగాల్సింది ఘాట్ రోడ్డు గురించి. కారు ఎవరు నడుపుతారు, మలుపుల్లో ముందు బండిని దాటే అలవాటు ఉందా, ఇవి గట్టిగా అడగండి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ అడవి దారిలో బండ్లు వదలరు. గేటు మూసేలోపు అందుకోవాలని పరుగులు తీయకుండా మధ్యాహ్నానికే దోర్నాల దాటమనండి. కోతులకు తిండి పెట్టొద్దని కూడా చెప్పండి.

ప్రశ్న: కాశ్మీరు చూడాలని మా ఇద్దరి కోరిక. పహల్గాంలో ఉగ్రవాదుల దాడి తర్వాత మానుకున్నాం. ఇప్పుడు వెళ్లొచ్చా?
- ఒక పెద్దాయన, ఆత్మకూరు

జవాబు: అయ్యా, 2025 ఏప్రిల్ 22న పోయిన ఆ 26 మందిలో మన జిల్లా మనిషి ఒకరు. 'ఏం కాదు, పదండి' అని నేను తేలిగ్గా రాయలేను. ఆ దాడి తర్వాత అక్కడి 87 పర్యాటక స్థలాల్లో 48 మూసేశారు, తర్వాత విడతలుగా తెరుస్తూ వచ్చారు. మీరు పోవాలనుకున్న చోటు తెరిచి ఉందా, అక్కడ బందోబస్తు ఉందా అన్నది ఆ వారం సమాచారం చూసుకుని తేల్చుకోండి. తిరిగి డబ్బు వచ్చే టిక్కెట్లే తీసుకోండి. మనసు ఒప్పకపోతే మానుకోండి, అందులో తప్పు లేదు. ఒక్క మాట మాత్రం మరిచిపోవద్దు. ఆ రోజు యాత్రికుల్ని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నవాడు అక్కడి గుర్రం నడిపే మనిషే. అక్కడి వాళ్లందరినీ ఒకే గాట కట్టొద్దు.

ప్రశ్న: బర్డ్ ఫ్లూ అంటున్నారు. పిల్లల్ని పులికాట్‌కు తీసుకెళ్లి ఫ్లెమింగోలను చూపించొచ్చా?
- ఒక ఉపాధ్యాయుడు, గూడూరు

జవాబు: చూపించండి మాస్టారూ. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలో ఆ జబ్బు బయటపడింది పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో, అదీ కోళ్లలో. ఫ్లెమింగోలను ఎలాగూ దూరం నుంచే చూస్తాం. చచ్చిన పక్షి కనిపిస్తే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, అటవీశాఖ వాళ్లకు చెప్పండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్య నుంచే పోతుంది, అటకానితిప్ప దగ్గర ఆగొచ్చు. డిసెంబరు, జనవరి నెలల్లో, ఎండ ముదరకముందే చేరుకోండి. వీలైతే ఒక బైనాక్యులర్ సంపాదించండి. ఆ రోడ్డు మీద బండ్లు వేగంగా పోతుంటాయి, పిల్లల్ని బండ్లు పోయే వైపు కాకుండా రోడ్డు అంచు వైపు నుంచే దింపండి.