ధ్రువపు ఎలుగుబంటి బొచ్చు నిజంగా తెల్లగా ఉంటుందా?

ఉండదు, ధ్రువపు ఎలుగుబంటి వెంట్రుకకు అసలు రంగే లేదు. అది దాదాపు పారదర్శకంగా ఉంటుంది, దాని కింద చర్మమేమో నల్లగా ఉంటుంది.

మన జుట్టును నల్లగా ఉంచే మెలనిన్ ఆ వెంట్రుకల్లో ఉండదు. పైకి కనిపించే పొడవాటి వెంట్రుకలు లోపల బోలుగా ఉంటాయి. వాటి మీద పడిన వెలుతురు అన్ని వైపులకూ చెదిరిపోతుంది. అన్ని రంగులూ సమానంగా చెదిరి కలిసి కంటికి చేరితే మనకు కనిపించేది తెలుపే. పంచదార పలుకు ఒక్కటి తీసి వెలుతురులో చూడండి, చిన్న గాజు ముక్కలా ఉంటుంది; గుప్పెడు పోస్తే తెల్లని కుప్ప. ఇదీ అంతే. ఇది వేటాడి తినే సీల్ అనే సముద్ర జంతువు కొవ్వు అంటుకుంటే ఇదే బొచ్చు పసుపు పచ్చగా మారుతుంది.

వెంట్రుక బోలు అనడానికి చక్కటి ఉదాహరణ అమెరికాలోని శాన్ డియేగో జూలో దొరికింది. 1970ల చివర్లో అక్కడి ఎలుగుబంట్లు ఆకుపచ్చగా మారాయి. చూస్తే, నాచు పెరిగింది వెంట్రుకల పైన కాదు, లోపల!

చాలామంది పొరబడేది ఒకచోట: ఆ వెంట్రుకలు ఆప్టికల్ ఫైబర్‌లా (వెలుతురును మోసుకెళ్ళే సన్నటి గాజు తీగలా) ఎండను నల్లటి చర్మానికి చేరవేస్తాయని అనుకుంటారు. అది నిజం కాదు. కొలిచి చూస్తే, వెంట్రుకలోకి వెళ్ళిన వెలుతురు కొద్ది దూరంలోనే ఆగిపోతుంది. ఆర్కిటిక్ చలి నుంచి ఎలుగుబంటిని కాపాడేది లోపలి దట్టమైన బొచ్చు, చర్మం కింద దాదాపు 10 సెంటీమీటర్ల దాకా పేరుకునే కొవ్వు.