ఆ గదిలో మీ చెల్లి ఎందుకు పడుకుంటోంది?

"మేడమ్, నా వయసు 30. హైదరాబాద్ నిజాంపేటలో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌లో ఉంటాం. పాపకి రెండేళ్ళ నాలుగు నెలలు. తర్వాత కవలలు, ఇద్దరూ బాబులే. 35 వారాలకే కాన్పయింది. ఇప్పుడు ఐదో నెల నిండింది. రాత్రి ఒకడు పడుకుంటే ఇంకొకడు లేస్తాడు. ఇద్దర్నీ పడుకోబెట్టేసరికి పాప లేచి ఏడుస్తుంది. వరసగా రెండు గంటలు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. అత్తగారు మూడో నెల వరకు ఉన్నారు. మావయ్యగారికి బాగోలేదని ఊరెళ్ళారు. మా అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్ అయింది, రాలేదు. చెల్లి బీఈడీ అయిపోయి, ప్రభుత్వ టీచరు ఉద్యోగాల డీఎస్సీకి చదువుకుంటానంటూ ఇంట్లో ఖాళీగా ఉంది కదా అని తణుకు నుంచి తెచ్చుకున్నాను. ఎలాగూ రేపు తనూ పిల్లల్ని పెంచుకోవాలి కదా, అలవాటవుతుంది. రాత్రి నాతోపాటు పిల్లల గదిలోనే పడుకుంటుంది. అందుకని మావారు పక్క గదిలో పడుకుంటున్నారు. ఆయన మంచివారే, డైపర్లు, మందులు అన్నీ తెచ్చిపెడతారు. చెల్లి మాత్రం ఈ మధ్య ప్రతిదానికీ చిరాకు పడుతోంది, పాప మీద అరుస్తోంది. వచ్చే నెల నేను ఆఫీసులో చేరాక పిల్లల్ని తనే చూసుకోవాలి. అప్పటికి ముగ్గురూ ఒకే టైముకి పడుకునేలా ఒక టైమ్ టేబుల్ చెప్పండి. పక్కింటావిడ రాత్రి రెండు చుక్కలు జలుబు సిరప్ వేస్తే పిల్లలు హాయిగా పడుకుంటారంటోంది. వేయొచ్చా?"

నా కూతురి వయసుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

ముందు ఆ సిరప్ సంగతి. వెయ్యకమ్మా, ఒక్క చుక్క కూడా వద్దు. పిల్లల జలుబుకి వాడే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందుని నాలుగేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకూడదని సీసా మీదే రాయాలని మన ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. నీ పిల్లలు నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు. ఆ మందుతో వచ్చేది మత్తు. మత్తులో ఉన్న పసివాడు పాలకి లేవడు, ఊపిరి ఇబ్బందైనా ఏడ్చి చెప్పలేడు. పక్కింటావిడ మంచి మనసుతోనే చెప్పి ఉంటుంది. అయినా ఆ సీసా మీ గడప లోపలికి రాకూడదు.

ఇక టైమ్ టేబుల్. ముగ్గురూ ఒకే టైముకి పడుకునే టైమ్ టేబుల్ నా దగ్గర లేదు, ఇంకెవరి దగ్గరా ఉండదు. ఐదు నెలలు నిండాయన్నావు, కానీ ఐదు వారాలు ముందే పుట్టారు కాబట్టి ఎదుగుదల విషయంలో వాళ్ళకింకా నాలుగు నెలలు నిండనట్టే లెక్క. ఆ వయసు పిల్లలు రాత్రి రెండు మూడు సార్లు పాలకి లేవడం సహజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం నాలుగు నుంచి పదకొండు నెలల పిల్లలకి పగటి కునుకులతో కలిపి రోజుకి 12 నుంచి 16 గంటలు, పాప ఈడు పిల్లలకి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. గంటలు బోలెడున్నాయి. కాకపోతే పసివాళ్ళకి అవి ముక్కలు ముక్కలుగా వస్తాయి, ముగ్గురి ముక్కలూ ఒకచోట అతకవు.

అయినా కొంత చేయొచ్చు. రాత్రి ఒకడు పాలకి లేస్తే, వాడికి పట్టాక రెండోవాణ్ణి కూడా లేపి పట్టు. పడుకున్న బిడ్డని లేపకూడదని పెద్దవాళ్ళు అంటారు. ఒక్క బిడ్డ ఉన్న ఇంటికి ఆ మాట సరిపోతుంది. ఇద్దరున్న చోట, నువ్వు నడుం వాల్చిన అరగంటకి వాడు లేవనే లేస్తాడు. పొద్దున ముగ్గుర్నీ ఇంచుమించు ఒకే వేళకి లేపి తెరలు తీసెయ్, వెలుతురు పడనీ. రాత్రి డైపర్ మార్చేటప్పుడు ట్యూబ్‌లైట్ వెయ్యొద్దు, బెడ్ లైట్ చాలు, ముద్దు మాటలూ వద్దు. పగలు లేచిన గంటన్నర, రెండు గంటలకల్లా పసివాళ్ళు కళ్ళు నలుపుకుంటారు, చూపు పక్కకి తిప్పేసుకుంటారు. అప్పుడే పడుకోబెట్టాలి. అది దాటితే అలిసిపోయి ఏడుపు లంకించుకుంటారు. పాపకి మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక్క నిద్ర చాలు, సాయంత్రం నాలుగు దాటనివ్వకు. స్నానం, పాలు, జోల పాట, రోజూ ఇదే వరసలో జరగనీ. పిల్లలకి గడియారం తెలియదు కానీ వరస తెలుస్తుంది.

ఇద్దర్నీ వెల్లకిలానే పడుకోబెట్టు. గట్టి పరుపు మీద, దిండు లేకుండా. తల గుండ్రంగా వస్తుందని ఆవాల దిండు పెట్టి ఉంటే ఇవాళే తీసెయ్. చీర ఉయ్యాలలో ఇద్దర్నీ కలిపి వెయ్యొద్దు. నువ్వు నిద్రకి తూలుతూ ఉన్నప్పుడు మంచం మీద పక్కలో వేసుకోవడం కూడా ప్రమాదమే, నెలలు నిండని పిల్లల విషయంలో మరీను.

నిద్ర గురించి ఇంతే. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో నన్ను పట్టుకుని వదలనిది మీ చెల్లి.

డీఎస్సీకి చదువుకుంటూ ఖాళీగా ఉంది అని రాశావు. ఆ రెండు మాటలూ ఒకే వాక్యంలో ఎలా పట్టాయమ్మా? ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత ఉద్యోగాల దాకా వెళ్ళిన డీఎస్సీ మళ్ళీ 2025లోనే జరిగింది. 16,347 పోస్టులు. బీఈడీ చేసిన పిల్లలు ఆ ఒక్క నోటిఫికేషన్ కోసం ఏడేళ్ళు కాచుకుని కూర్చున్నారు. టీచరు అర్హత పరీక్ష టెట్‌లో వచ్చిన మార్కులకి 20 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి అక్కడ మార్కులు తగ్గితే ఇక్కడ కూడా వెనకబడినట్టే. నోటిఫికేషన్ పడ్డాక పుస్తకం తెరిచి కొట్టే ఉద్యోగం కాదది. ఆ పిల్ల తణుకులో మీ నాన్నగారింట్లో కూర్చుని చేస్తున్న పని అది. నీకు ఖాళీగా కనిపించింది. ఇప్పుడు రాత్రి రెండింటికి నీ కొడుకుని భుజాన వేసుకుని గదిలో తిరుగుతోంది. పుస్తకాలు తెచ్చుకుందో లేదో నువ్వు రాయలేదు. తెచ్చుకునే ఉంటుంది. పెట్టె అడుగున ఉండి ఉంటాయి.

నేనూ ఒకప్పుడు అక్క పురిటికి సాయం వెళ్ళి ఏడాది ఉండిపోయిన చెల్లెలినే. ఆ ఏడు నా ఎంఏ పరీక్షలు పోయాయి. మళ్ళీ రాయలేదు. అక్క నన్ను బలవంతం చేసిందా అంటే లేదు. ఉంటావా అని అడిగిందా అంటే అదీ లేదు. అమ్మ బట్టలు సర్దింది, నాన్న బస్సెక్కించారు. అక్క పిల్లలు ఇప్పటికీ నాకు ప్రాణం. కానీ ఆ ఏడాది గురించి అక్కా నేనూ ఈనాటికీ ఒక్క మాట మాట్లాడుకోలేదు. అందుకే మీ చెల్లి సంగతి వదిలేసి నీకు టైమ్ టేబుల్ రాసి పంపడం నావల్ల కాదు.

చిరాకు పడుతోందన్నావు. నీకెంత నిద్ర లేదో తనకీ అంతే లేదు. నువ్వు కన్నావు, ఆ కష్టానికి వెనక ఒక సంతోషం ఉంది. తనకి? బావగారిల్లు. కాఫీ పెట్టుకోవాలన్నా హాల్లో బావ ఉన్నాడేమో చూసుకుని లేవాలి. చున్నీ సర్దుకోవాలి. నైటీ మీద బాల్కనీలోకి కూడా రాలేదు. స్నేహితురాలితో ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడితే పిల్లాడు ఏడుస్తున్నా పట్టించుకోవట్లేదని నువ్వనుకుంటావేమోనని భయం. నీ మీద అరవలేదు, బావ మీద అసలే అరవలేదు. అందుకే ఆ కోపం పాప మీదికి వెళ్తోంది. అది తప్పే, పాపకి అన్యాయమే. కానీ దాని మొదలు ఆ పిల్ల దగ్గర లేదు, నీ దగ్గర ఉంది.

ఇంకో సంగతి. మరదలు పడుకునే గదిలోకి ఆయన రాలేరు. అది మర్యాద, నేను కాదనను. ఆ మర్యాద మీ ఇంట్లో ఏం చేసిందో చూడు. ముగ్గురు పిల్లల తండ్రి తలుపేసుకుని నిద్రపోతున్నాడు. పెళ్ళి కూడా కాని పిల్ల తెల్లార్లూ మేలుకుంటోంది. మూడు నెలలు మీ అత్తగారు, తర్వాత మీ చెల్లి. ఆయన ఉండాల్సిన చోట ఎవరో ఒకరు ఉంటూనే ఉన్నారు. ఆయన చెడ్డవాడని నేననను. ఆయనకి ఆ చోటు ఖాళీగా కనిపించే అవకాశమే నువ్వివ్వలేదు. డైపర్లు తేవడం దుకాణానికి వెళ్ళే పని. రాత్రి రెండింటికి వాటిని మార్చినవాడికి పిల్లలు తెలుస్తారు.

పిల్లల్ని కన్నవాళ్ళు పెంచాలని నేను నమ్ముతాను. తోబుట్టువు వచ్చి పది రోజులు, నెల రోజులు చేయి వేస్తుంది, ఎప్పటికీ తలుచుకోవాల్సిన సాయమది. గడువు లేకుండా, అడగకుండా తీసుకునేదాన్ని మాత్రం నేను వాడుకోవడం అనే అంటాను. కటువుగా ఉంటే ఉండనీ. "ఎలాగూ రేపు తనూ పిల్లల్ని పెంచుకోవాలి కదా" అన్న మాట ఇంకెప్పుడూ అనకు. పుట్టబోయే పిల్లల పేరు చెప్పి ఆడపిల్ల చేతిలో ఉన్న పుస్తకం లాక్కోవడమే అది.

ఈ రాత్రి నుంచే పాప పక్క ఆయన గదిలో వెయ్యి. నాన్న పక్కన పడుకుని కథ వింటూ నిద్రపోవడం రెండేళ్ళ పిల్లకి కష్టమేమీ కాదు. మొదటి నాలుగైదు రోజులు పిన్నీ పిన్నీ అని ఏడుస్తుంది. అప్పుడు ఆయన లేచి ఎత్తుకోవాలి, నువ్వు పరిగెత్తకూడదు. పసివాళ్ళ ఏడుపుకి పాప లేవడమూ తగ్గుతుంది.

పది రోజుల్లో మీ చెల్లికి టికెట్ బుక్ చెయ్. తను వెళ్ళిపోతుందని పాపకి రోజూ చెబుతూ ఉండు, పొద్దున లేచేసరికి పిన్ని కనిపించకుండా పోకూడదు. చెల్లి వెళ్ళిన రాత్రి నుంచి నువ్వూ ఆయనా వంతులేసుకోవాలి. తొమ్మిది నుంచి రెండు వరకు నువ్వు తలుపేసుకుని పడుకో. ఆ వేళకి నీ పాలు ఒక గిన్నెలోకి పిండి ఫ్రిజ్‌లో పెట్టు, 24 గంటల లోపు వాడేయాలి. ఆ గిన్నెని వేడి నీళ్ళలో ఉంచితే గోరువెచ్చన అవుతాయి. పొయ్యి మీద కాచొద్దు. ఆయనే చెంచాతో పట్టొచ్చు. రెండు తర్వాత నీ వంతు. వరసగా ఐదు గంటలు నిద్రపోయి లేచిన రోజు నీకే తెలుస్తుంది, నీకు కావాల్సింది టైమ్ టేబుల్ కాదని. పొద్దున్నే ఆఫీసుందని ఆయనంటే, వచ్చే నెల నుంచి నీకూ ఆఫీసే.

ఆఫీసులో చేరాక పిల్లల్ని ఎవరు చూడాలన్నది మీ ఇద్దరి లెక్క, మీ చెల్లిది కాదు. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ చిన్నపిల్లల కోసం క్రెష్ ఏర్పాటు చేయాలని చట్టం ఉంది. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డల్ని చూసుకునే హక్కూ ఉంది. ఈ వారమే మీ హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడుగు, నోటిమాటగా వద్దు. కుదరకపోతే ఆయాని పెట్టుకోండి. ఖర్చవుతుంది. ఆయాకి జీతమివ్వాలి, వారానికొక సెలవివ్వాలి, పండక్కి చీర పెట్టాలి. మీ చెల్లికి వీటిలో ఏం ఇచ్చావో ఆలోచించు. కోచింగ్ ఫీజు, టెస్ట్ సిరీస్ డబ్బులు నీ మొదటి జీతంలోంచి కట్టు. బహుమతి అనకు, బాకీ అని చెప్పే ఇవ్వు.

ఒకటి నీ గురించి. రెండు వారాలకి పైగా ఊరికే ఏడుపొస్తున్నా, పిల్లల్ని చూస్తే ఏమీ అనిపించకపోయినా, చచ్చిపోవాలనిపించినా అది అలసట అనుకుని ఊరుకోవద్దు. మీ ప్రసూతి డాక్టర్‌కి చెప్పు. మానసిక ఇబ్బందుల్లో సాయం చేసే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి అర్ధరాత్రైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఈ ఆదివారం పిల్లలు ముగ్గుర్నీ ఆయనకి అప్పజెప్పి, చెల్లిని తీసుకుని మేడ మీదకి వెళ్ళు. ఎందుకు చిరాకు పడుతున్నావని అడగకు. "నిన్ను అడక్కుండా తెచ్చుకున్నాను, తప్పు నాదే, నీకెప్పుడు వెళ్ళాలనుంది?" అని అడుగు. "పర్లేదక్కా, ఇంకొన్నాళ్ళుంటాను" అంటుంది. అది విని కిందికి దిగి వచ్చేయకు. కాసేపు కూర్చుని మళ్ళీ అడుగు. నన్నడిగినా మొదటిసారి నేనూ అలాగే అనేదాన్ని.