పెళ్ళి ఎవరితో, ఎవరికి, ఎవరిని?

సందేహం: ఇంగ్లీషులో నా పరిచయం రాసుకుంటూ ‘మ్యారీడ్ విత్’ అని మావారి పేరు రాశాను. మా పై అధికారి ‘విత్’ కొట్టేసి ‘టు’ చేశారు. తెలుగులో ‘ఫలానావారితో పెళ్ళయింది’ అంటాం గదా. ‘ఫలానావారికి పెళ్ళయింది’ అంటే అర్థమే మారిపోతుంది. మరి ఇంగ్లీషువాళ్ళకు ‘కి’ ఎందుకు కావలసి వచ్చింది? పైగా ఈ మధ్య ‘ఆమెతో పెళ్ళాడాడు’, ‘అమ్మాయిని ఆ అబ్బాయితో పెళ్ళి చేశారు’ అనే వాక్యాలు చదువుతున్నాను. వీటిలో ఏది సాధువు? — ఒక పాఠకురాలు

సమాధానం: మీ అధికారి దిద్దింది సరే. ‘మ్యారీడ్’ పక్కన భర్త పేరో భార్య పేరో వస్తే ‘టు’ పెట్టాలి. ‘విత్’ పెడితే వెనకాల పిల్లలు రావాలి: ‘మ్యారీడ్ విత్ టూ చిల్డ్రన్’ అంటే పెళ్ళయింది, ఇద్దరు పిల్లలున్నారు అని. అదే మాట క్రియగా ఉండి ‘షి మ్యారీడ్ హిమ్’ అయితే మధ్యలో ఏదీ అక్కర్లేదు. ‘మ్యారేజ్’ అయితే ‘టు’ వస్తుంది, ‘విత్’ కూడా వస్తుంది. రెండోది కాస్త పాతకాలపు వాడుక. ‘ఎంగేజ్డ్’కు ‘టు’, ‘డైవోర్స్డ్’కు ‘ఫ్రమ్’, ‘ఇన్ లవ్’కు ‘విత్’. మిగతావి ఏ నిఘంటువైనా చెబుతుంది.

నన్ను పట్టుకున్నది మీ ‘తో’. అది ప్రత్యయంగా పుట్టలేదు. తోడు అనే నిండు మాట ‘తోడన్’ అయి, అది మరీ అరిగి ‘తోన్’ అయింది. ఆ తోడు మన చుట్టరికాల్లో ఇంకా చెక్కుచెదరకుండా ఉంది: తోబుట్టువు, తోడికోడలు, తోడల్లుడు. ఒక్కసారి ఆ ముగ్గురినీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒకే కడుపున పుట్టినవాళ్ళు, ఒకే ఇంటికి కోడళ్ళయినవాళ్ళు, ఒకే ఇంటికి అల్లుళ్ళయినవాళ్ళు. తోడు అంటే ఒకే వరసలో నిలిచినవాళ్ళన్నమాట. ‘రాముడితో పెళ్ళయింది’ అన్నప్పుడు ఇచ్చేవాడు లేడు, పుచ్చుకునేవాడు లేడు. ఇద్దరూ ఒక పీట మీదివాళ్ళే.

అయితే సంస్కృత వైయాకరణులు ఇంత ఉదారులు కారు. ‘సహయుక్తేఽప్రధానే’ అన్నాడు పాణిని. ‘సహ’ శబ్దం చేరినచోట తృతీయ, అంటే మన ‘తో’ విభక్తి, అప్రధానుడికి వస్తుంది. ‘పుత్రేణ సహ ఆగతః పితా’ అన్నప్పుడు వచ్చిన పెద్దమనిషి తండ్రి, కొడుకు వెంట వచ్చినవాడు. ఆ లెక్కన ‘సీతకు రాముడితో పెళ్ళయింది’ అంటే రాముడు అప్రధానుడు! తెలుగులో అంత దూరం లాగనక్కరలేదు. ఇక్కడ సీతకున్న ‘కు’ అనుభవించేవారికి వచ్చే ‘కు’. ‘నాకు జలుబు చేసింది’, ‘నాకు పెళ్ళయింది’. విభక్తి ఒకటే, తేడా అనుభవంలోనే.

ఇంగ్లీషు ‘విత్’ జాతకం ఇంకా వింతగా ఉంటుంది. ప్రాచీనాంగ్లంలో దానికి ప్రధానార్థం ‘ఎదురుగా, విరోధంగా’. ‘విత్‌స్టాండ్’లో ఎదురు నిలవడం అనే ఆ పాత అర్థమే దాగి ఉంది. అప్పట్లో ‘తోడుగా’ అనడానికి ‘మిడ్’ అనే వేరే మాట ఉండేది; ‘విత్’ వచ్చి దాని చోటు ఆక్రమించింది. పురిటి సమయంలో తోడుండే ‘మిడ్‌వైఫ్’ మాటలో మాత్రం ఆ పాత ‘మిడ్’ బతికి ఉంది. ‘ఫైట్ విత్’ అంటే పక్కన నిలిచి పోరాడడమో, ఎదురు నిలిచి పోరాడడమో తేలదు. మన ‘తో’ కూడా ఈ విషయంలో అమాయకురాలేమీ కాదు. ‘అర్జునుడు కర్ణుడితో పోరాడాడు’ అంటే కర్ణుడు శత్రువే. స్నేహం తెలియాలంటే ‘కలిసి’ అని ఇంకో మాట అరువు తెచ్చుకోవాలి.

ఇక మీ అసలు ప్రశ్న. విభక్తిని నిర్ణయించేది పెళ్ళి కాదు, దాని పక్కనున్న క్రియ. అయింది, జరిగింది అంటే ‘తో’. ఇచ్చారు అంటే ‘కి’. చేసుకుంది, పెళ్ళాడింది, వరించింది, చేపట్టింది అంటే ‘ని’. ఈ మూడోది నాకు ప్రాణం, ఎందుకో చెబుతాను.

రుక్మిణి కథ మీకు తెలిసిందే. అన్న రుక్మి ఆమెను శిశుపాలుడికి ఇవ్వాలని పట్టుబట్టాడు. అది ‘కి’ పెళ్ళి. ఆ వాక్యంలో కర్త రుక్మి, కర్మ రుక్మిణి. వస్తువును ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చినట్టు. ఆ పిల్ల గౌరీదేవి గుడికి వెళ్ళి ఏమని మొక్కింది? పోతన చేత ఏమనిపించింది? ‘హరిం బతి సేయుమమ్మ’. హరికి నన్ను ఇప్పించు అనలేదు, హరితో నాకు పెళ్ళి చెయ్యి అనలేదు. హరిని పతిని చెయ్యమంది. కర్మస్థానంలో ఇప్పుడు ఎవరున్నారో చూశారా? నిన్నటిదాకా తాను నిలబడ్డ చోట హరిని నిలబెట్టింది! ‘నాకు’ అనే మాట కూడా ఆ చిన్న వాక్యంలో లేదు, ఆ అవసరమూ కలగలేదు. ద్రుతం, అంటే ‘హరిన్’ చివరి నకారం, మీద పకారం బకారమైందని బడిలో చెప్పి వదిలేస్తారు. ఆ సరళాదేశం వెనక ఒక ఆడపిల్ల తన పెళ్ళివాక్యాన్నే తిరగరాసుకున్నదని ఎవరూ చెప్పరు. పోతన ఛందస్సు కోసం అలా రాశాడనేవారితో నాకు మాటల్లేవు.

‘పెళ్ళి చేసుకొను’లోని ‘కొను’ కూడా ఇలాంటిదే. పురోహితుడు పెళ్ళి చేస్తాడు, వధూవరులు చేసుకుంటారు. ఇంగ్లీషులో ఇద్దరికీ ‘మ్యారీ’ ఒక్కటే గతి. సంస్కృతంలో ఈ పని ఆత్మనేపదం, అంటే ఫలం తనకే చెందే పనికి వాడే క్రియారూపం, చేస్తుంది: ‘ఉపాద్యమః స్వకరణే’. తనదిగా చేసుకోవడమనే అర్థంలో ‘ఉప’ చేరిన ‘యమ్’ ధాతువు ఆత్మనేపది అవుతుందన్నాడు పాణిని. ఆ స్వకరణమంటే ఇక్కడ పాణిగ్రహణమేనని పాణిని సూత్రాల వ్యాఖ్యానమైన కాశికావృత్తి బిగించింది. ‘భార్యాముపయచ్ఛతే’ (భార్యను చేపడుతున్నాడు), అక్కడా ద్వితీయే, మన ‘ని’ విభక్తే. కాశిక ఉదాహరణ చేసుకునేవాడి వైపు నుంచి, పోతన వాక్యం చేసుకునేదాని వైపు నుంచి, అంతే భేదం.

కాబట్టి ‘ఆమెతో పెళ్ళాడాడు’ తప్పు. ‘ఆమెను పెళ్ళాడాడు’ అనాలి. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. మాట్లాడు, పోట్లాడు ‘తో’ను కోరతాయి, అదే వరసలో పెళ్ళాడు కూడా కోరుతుందనుకుని ఉంటారు. పోలిక పసందుగా ఉంది గాని వ్యాకరణం ఒప్పదు.

ఇంతకన్నా ఒళ్ళు మండించేది ‘రిలేషన్‌లో ఉన్నారు’, ‘ప్రేమలో ఉంది’. తెలుగులో వలచుకు ‘ని’ ఉంది, మనసిచ్చుకు ‘కి’ ఉంది, మనసుపడుకు ‘మీద’ ఉంది, ఇష్టానికి ‘అంటే’ ఉంది. ఇన్ని పెట్టుకుని ‘లో’ ఒక్కదాన్ని పట్టుకు వేళ్ళాడడం ఏం ఖర్మ?

‘అమ్మాయిని ఆ అబ్బాయితో పెళ్ళి చేశారు’ అన్నది రెండు వాక్యాల సంకరం. ‘అమ్మాయిని ఆ అబ్బాయికిచ్చి పెళ్ళి చేశారు’, ‘అమ్మాయికి ఆ అబ్బాయితో పెళ్ళి చేశారు’. ఈ రెంటిలో ఏదో ఒకటి అనాలి. కాకపోతే ‘కిచ్చి’లోని ఇవ్వడం నచ్చనివారు ‘ని’ని వదలకుండా, ‘ఇచ్చి’ని మాత్రం తీసేసి ఈ కొత్త రూపం కట్టుకున్నారేమో అని ఒక అనుమానం. అదే నిజమైతే వారి ఉద్దేశం మీద నాకు కోపం లేదు. నోటిమాటగా వింటే ఊరుకుంటాను. రాతలో కనిపిస్తే మాత్రం ‘ని’ తీసి ‘కి’ పెడతాను.