బిందె నిండేలోపు

మల్లేశ్వరం, బెంగళూరు

తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి పీణ్య నుంచి ఇంటికి వస్తూ మెట్రోలో. రెండోసారి రాత్రి భోజనాలయ్యాక, బోర్డు పక్కన పెట్టుకుని, నువ్వు రాసిన కోడ్ అందులోకి ఎక్కించి చదివాను. మైక్రోకంట్రోలర్‌లో (బోర్డుని నడిపే చిన్న కంప్యూటర్ చిప్) సీరియల్ డేటాని, అంటే ఒకే తీగ మీద బిట్ వెనక బిట్‌గా వచ్చేదాన్ని, ఇంటరప్ట్‌తో ఎలా అందుకోవాలో తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకే నాకు చాలా సంతోషంగా ఉంది. మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఈ పని చేసే మనవాళ్లు ఎంతమంది ఉన్నారో నీకూ తెలుసు. టీ కొట్టు దగ్గర బగ్ గురించి అరగంట తెలుగులోనే మాట్లాడుకుంటాం, రాయడానికి కూర్చోగానే ఇంగ్లీషులోకి వెళ్లిపోతాం. నువ్వు అలా వెళ్లలేదు. అందుకే బాగుందని ఒక్క మాట చెప్పి వదిలేయలేను. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువు.

నీ వ్యాసం కాలింగ్ బెల్‌తో మొదలైంది. ఎవరైనా వచ్చారేమో అని మాటిమాటికీ తలుపు తీసి చూడటం పోలింగ్, బెల్ మోగినప్పుడు లేవడం ఇంటరప్ట్ అన్నావు. నాకు కాలేజీలో చెప్పిందీ ఇదే. అయితే దీనివల్ల చదివేవాళ్ల మనసులో ఒక తప్పు నాటుకుంటుంది. బెల్ కొట్టిన చుట్టం మనం వెళ్లేదాకా గుమ్మంలో నిలబడతాడు. తీగ మీద వచ్చే బైట్ నిలబడదు. దాని వెనకే ఇంకొకటి వచ్చేస్తుంది, మొదటిదాన్ని మనం ఎత్తుకున్నామా లేదా అన్నది దానికి పట్టదు.

మదనపల్లెలో మా చిన్నప్పుడు కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. కుళాయి కింద ఒక బిందె, పక్కన ఇంకో ఖాళీ బిందె. నిండిన బిందె ఎత్తి లోపల తొట్టిలో గుమ్మరించి పరుగున రావాలి. లోపలికి వెళ్లినవాళ్లు ఆ నీళ్లతో అక్కడే బియ్యం కడుగుతూ కూర్చుంటే బయట నీళ్లు కాలవ పాలు. నువ్వు వాడిన ఏటీమెగా328పీ చిప్‌లో ఉన్నది సరిగ్గా ఇదే. వచ్చిన బైట్లు నిలవడానికి హార్డ్‌వేర్‌లో రెండు గదులున్నాయి, అవి రెండు బిందెలు. ర్యామ్‌లో నువ్వు పెట్టుకున్న రింగ్ బఫర్, అంటే చివరికి చేరాక మళ్లీ మొదటికి తిరిగే నిల్వ, అది తొట్టి. ఎత్తి పోసి రావడం ఐఎస్ఆర్ పని, అంటే ఇంటరప్ట్ రాగానే నడిచే చిన్న కోడ్ ముక్క పని. బియ్యం కడగడం మిగతా వేళల్లో తిరుగుతూ ఉండే మెయిన్ లూప్ పని. పోలిక కావాలనుకుంటే ఇలాంటిది ఒకటి పెట్టు, ఒక్క పేరాలో ముగించు. పొర్లిన నీళ్లు కంటికి కనిపిస్తాయి కానీ పోయిన బైట్ కనిపించదు. అక్కడికి రాగానే పోలిక వదిలేసి అసలు సంగతిలోకి వచ్చెయ్.

అసలు సంగతి కాలం. నీ వ్యాసంలో నాకు కనిపించిన పెద్ద లోటు ఇదే: మొత్తం నాలుగు పేజీల్లో ఒక్కచోట కూడా ఎంత టైమ్ ఉందో చెప్పలేదు. రెండో పేరాలోనే లెక్క చెప్పెయ్. ఒక బైట్ పంపాలంటే ఒక స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు, ఒక స్టాప్ బిట్, మొత్తం పది. బాడ్ రేట్, అంటే సెకనుకు వెళ్లే బిట్లు, 115200 అయితే సెకనుకు 11,520 బైట్లు. అంటే ఒక బైట్‌కీ తర్వాతి బైట్‌కీ మధ్య సుమారు 87 మైక్రోసెకండ్లు. 16 మెగాహెర్ట్జ్ చిప్‌కి అది దాదాపు 1,389 క్లాక్ సైకిళ్లు. అదే 9600 అయితే ఒక మిల్లీసెకండ్ కంటే కాస్త ఎక్కువ, 16 వేల పైచిలుకు సైకిళ్లు. ఈ 87 అనే అంకె తలకెక్కిందంటే, ఐఎస్ఆర్ ఎందుకు పొట్టిగా ఉండాలో నువ్వు విడిగా నచ్చజెప్పక్కర్లేదు. "ఐఎస్ఆర్ వీలైనంత చిన్నదిగా ఉంచండి" అని నువ్వు రాశావు. వీలైనంత అంటే ఎంత? మొదటిసారి రాసేవాడికి నలభై లైన్లు కూడా చిన్నదిగానే కనిపిస్తుంది.

నీకే అలా కనిపించింది. నీ ఐఎస్ఆర్‌లో బైట్ తీసుకుంటున్నావు, లైన్ పూర్తయిందా అని చూస్తున్నావు, కమాండ్‌తో పోల్చి చూస్తున్నావు, చివరికి అక్కడి నుంచే జవాబు ప్రింట్ చేస్తున్నావు. ఒక్కో అక్షరం బయటికి వెళ్లేదాకా అక్కడే కాచుకుని ఉంటున్నావు. పంపే వేగం, వచ్చే వేగం ఒకటే కదా. నువ్వు 20 అక్షరాలు ప్రింట్ చేసేలోపు అటునుంచి 20 బైట్లు వచ్చి పడగలవు. నీ టేబుల్ మీద ఇది ఎందుకు పనిచేసింది? నువ్వు టెర్మినల్‌లో ఒక్కో అక్షరం టైప్ చేసి చూశావు కాబట్టి. మనిషి వేళ్లు ఎంత వేగంగా కదిలినా ఆ చిప్‌కి రెండు అక్షరాల మధ్య బోలెడంత ఖాళీ. ఒక ఫైల్ మొత్తం ఒక్కసారిగా పంపి చూడు, నేను చెప్పేది అర్థమవుతుంది. పాఠకుడికి కూడా ఈ పరీక్ష చేయించు. పాడైపోయే కోడ్ ముందు చూపించి, అది ఎలా పాడవుతుందో వాళ్ల చేతే చూడనిచ్చి, తర్వాత సరైనది చూపించు.

సరైన ఐఎస్ఆర్‌లో ఏముండాలో మాటల్లో చెబుతాను, కోడ్ నువ్వే రాయి. ముందు బైట్ ఎలా వచ్చిందో చెప్పే స్టేటస్ రిజిస్టర్ చదవాలి, ఆ తర్వాతే బైట్ ఉండే డేటా రిజిస్టర్. డేటా చదివావంటే ఆ బైట్ తాలూకు ఎర్రర్ బిట్లు కూడా చేజారిపోతాయి, అందుకే ఈ వరస. తర్వాత బఫర్‌లో చోటుందా చూడాలి. ఉంటే బైట్ అక్కడ పెట్టి, తర్వాతి బైట్ ఎక్కడ పెట్టాలో చెప్పే హెడ్‌ని ఒక అడుగు జరపాలి. లేకపోతే బైట్‌ని వదిలేసి, పోయినవాటి లెక్కలో ఒకటి కలపాలి. అంతే, బయటికి. హెడ్‌ని ఐఎస్ఆర్ తప్ప ఎవరూ మార్చకూడదు, తర్వాత తీయాల్సిన బైట్ ఎక్కడుందో చెప్పే టెయిల్‌ని మెయిన్ లూప్ తప్ప ఎవరూ మార్చకూడదు. ఈ ఒక్క నియమం వల్ల ఎన్ని గొడవలు తప్పుతాయో ఒక పేరా రాయదగ్గ విషయం. నువ్వు దాన్ని కామెంట్‌లో ఒక లైన్‌గా పెట్టి దాటిపోయావు.

పోయినవాటి లెక్క అన్నాను కదా, దాని గురించి ఇంకాస్త చెప్పాలి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది.

2016లో పీణ్యలో ఒక చిన్న ఫ్యాక్టరీకి బోర్డు చేసిచ్చాను. మెషిన్ పక్కనున్న పీఎల్‌సీ (మెషిన్‌ని నడిపే కంట్రోలర్) సెకనుకోసారి 40 బైట్ల లైన్ ఒకటి పంపుతుంది, మా బోర్డు దాన్ని అందుకుని మెమరీ కార్డులో రాసుకుంటుంది. బాడ్ రేట్ 115200. బోర్డుకి 60 ఎల్ఈడీల రంగుల స్ట్రిప్ కూడా తగిలించాం, మెషిన్ నడుస్తుంటే పచ్చగా, ఆగితే ఎర్రగా మారడానికి. ఆఫీసులో రెండు వారాలు పెట్టి చూశాం, ఒక్క లైన్ కూడా తప్పలేదు. అక్కడ పెట్టాక మాత్రం రోజుకు ఐదారు లైన్లు మధ్యలో తెగిపోయి వచ్చేవి. కేబుల్ మార్చాను. ఎర్త్ చూశాను. మోటార్ల నాయిజ్ అనుకుని షీల్డ్ ఉన్న వైర్ వేయించాను. మూడు వారాలు అలాగే గడిచాయి. రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు, అంత టెన్షన్.

చివరికి దారి చూపించింది అక్కడి సూపర్‌వైజర్. "మెషిన్ నింతాగ మాత్ర హోగుత్తె మేడమ్" అన్నాడు, మెషిన్ ఆగినప్పుడు మాత్రమే లైన్ పోతోందని. ఆఫీసులో మేము మెషిన్ ఆపిందీ లేదు, రంగు మారిందీ లేదు. ఆ స్ట్రిప్‌కి ఒక్కో బిట్ 1.25 మైక్రోసెకండ్లలో, తేడా రాకుండా పంపాలి. అందుకని దాని లైబ్రరీ పంపినంతసేపూ ఇంటరప్ట్‌లన్నీ ఆపేస్తుంది. ఒక ఎల్ఈడీకి 24 బిట్లు, అంటే 30 మైక్రోసెకండ్లు. 60 ఎల్ఈడీలకి 1.8 మిల్లీసెకండ్లు. ఆలోపు 20 బైట్లు వస్తాయి. చిప్ సొంతంగా పట్టి ఉంచగలిగేవి గదుల్లో రెండు, బిట్లు ఒక్కొక్కటిగా వచ్చి చేరే షిఫ్ట్ రిజిస్టర్‌లో ఇంకొకటి. మిగతావన్నీ గాలికి పోయాయి. అదీ సరిగ్గా మెషిన్ ఆగినప్పుడు, ఎందుకు ఆగిందో చెప్పే లైన్‌లోంచి.

స్టేటస్ రిజిస్టర్‌లో ఓవర్‌రన్ బిట్ (ఎత్తుకోకముందే బైట్ పోయిందని చెప్పే గుర్తు) ఆ సంగతి ప్రతిసారీ చెబుతూనే ఉంది. నేను చదవలేదు. చదివి ఒక కౌంటర్‌లో కలుపుకుని ఉంటే మొదటి రోజే తెలిసేది: కేబుల్‌ది కాదు, నాయిజ్‌ది కాదు, మనమే ఎత్తుకోవడం ఆలస్యం చేస్తున్నామని. పరిష్కారం ఏమిటో తెలుసా? రెండు వైపులా వేగం 9600కి తగ్గించాం. అప్పుడు 1.8 మిల్లీసెకండ్లలో వచ్చేవి మహా అయితే రెండు బైట్లు, రెండు గదుల్లో సరిపోతాయి. 40 బైట్ల లైన్‌కి 42 మిల్లీసెకండ్లు పడుతుంది, సెకనుకోసారి వచ్చేదానికి అదేం ఎక్కువ కాదు. అప్పటి నుంచి నేను ఏ బోర్డు చేసినా రెండు కౌంటర్లు పెడతాను: హార్డ్‌వేర్‌లో పోయినవి ఎన్ని, తొట్టి నిండి పోయినవి ఎన్ని. రెండూ వేరు వేరు జబ్బులు. మొదటిది పెరిగితే ఎవరో ఇంటరప్ట్‌లు ఎక్కువసేపు ఆపుతున్నారు. రెండోది పెరిగితే మెయిన్ లూప్ ఆలస్యంగా వస్తోంది. నీ బఫర్ 64 బైట్లది, ఒక చోటు ఖాళీగా వదలాలి కాబట్టి నిండా 63 పడతాయి, 115200 దగ్గర అది ఐదున్నర మిల్లీసెకండ్లలో నిండిపోతుంది. నీ లూప్‌లో 100 మిల్లీసెకండ్ల డిలే ఉంది చూడు.

వోలటైల్ (వేరియబుల్‌ని ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కి చెప్పే మాట) గురించి నువ్వు రాసింది సరైనదే కానీ, "తప్పనిసరిగా పెట్టాలి" అని ఆజ్ఞలా రాశావు. పెట్టకపోతే ఏమవుతుందో చూపించు. ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేస్తే చక్కగా నడిచిన కోడ్, ఆప్టిమైజేషన్ పెట్టగానే లూప్‌లో ఇరుక్కుపోతుంది. కంపైలర్ ఆ వేరియబుల్‌ని ఒక్కసారి చదివి రిజిస్టర్‌లో పెట్టేసుకుంటుంది, ఐఎస్ఆర్ దాన్ని మార్చిందని దానికి తెలియదు. ఇంకో సంగతి, వోలటైల్ పెడితే అంతా క్షేమం అన్నట్టు రాశావు. అది దిద్దుకో. ఎనిమిది బిట్ల చిప్‌లో 16 బిట్ల కౌంటర్‌ని రెండు ముక్కలుగా చదవాలి. లెక్క 255 దగ్గర ఉందనుకో. మెయిన్ లూప్ కింది ముక్క చదివింది, 255. ఆ క్షణంలోనే ఇంటరప్ట్ వచ్చి లెక్కని 256 చేసింది. ఇప్పుడు పై ముక్క 1, కింది ముక్క 0. తిరిగొచ్చి పై ముక్క చదివింది, 1. రెండూ కలిపితే 511. 255 కాదు, 256 కాదు, అసలు ఎప్పుడూ లేని అంకె. వోలటైల్ దీన్ని ఆపలేదు. చదివే ఆ క్షణం మాత్రం ఇంటరప్ట్ ఆపి కాపీ చేసుకోవాలి, లేదా ఎనిమిది బిట్లలో సరిపెట్టుకోవాలి. ఈ ఉదాహరణ కాగితం మీద గీసి చూపిస్తే ఎవరూ మర్చిపోరు.

ఇక మాటల సంగతి. ఇంటరప్ట్‌ని "అంతరాయం" అన్నావు, రింగ్ బఫర్‌ని "వలయ తాత్కాలిక నిల్వ" అన్నావు. నీ తపన అర్థమైంది. కానీ నీ పక్క సీట్లో తెలుగువాడితో ఆ మాట ఎప్పుడైనా అన్నావా? ఇంటరప్ట్, బఫర్, బైట్ మనవైపోయాయి, ఉండనీ. తెలుగు ఉండాల్సింది క్రియల్లో. బైట్ పడింది, ఎత్తుకున్నాం, తోసేసింది, పొర్లింది, ఇరుక్కుంది, జారిపోయింది. ఇన్ని ఉండగా నువ్వు ప్రతి వాక్యాన్నీ "చేయబడుతుంది" అని ముగించావు. ఎవరు చేస్తారు? చిప్పా, కంపైలరా, మన కోడా? ఇంటరప్ట్‌ల విషయంలో ఎవరు ఎప్పుడు ఏం చేశారన్నదే అసలు ప్రశ్న కదా. కర్తని దాచేస్తే పాఠకుడికి బగ్ కూడా దాచేసినట్టే.

చివరి రెండు పేరాల్లో ఎస్‌టీఎం32 అనే ఇంకో రకం చిప్పులు, సీపీయూ ప్రమేయం లేకుండా డేటా జరిపే డీఎంఏ, దూరం వైర్లకి వాడే ఆర్ఎస్‌485 అన్నీ కుక్కావు. తీసెయ్. వాటికి ఇంకో వ్యాసం రాద్దువు. ఎస్‌టీఎం32 హాల్ లైబ్రరీలో (ఆ చిప్ కంపెనీ ఇచ్చే రెడీమేడ్ కోడ్) ఒకసారి అందుకున్నాక మళ్లీ అడగాలి, ఓవర్‌రన్ వస్తే అందుకోవడం ఆగిపోతుంది, ఎర్రర్ వచ్చినప్పుడు లైబ్రరీ పిలిచే మన ఫంక్షన్‌లో (ఎర్రర్ కాల్‌బ్యాక్) తిరిగి మొదలుపెట్టాలి. అదొక్కటే నాలుగు పేజీలు పడుతుంది.

తీయొద్దు అని చెప్పేది కూడా ఒకటుంది. ఎస్పీ రోడ్డులో చిప్‌కి క్లాక్ ఇచ్చే క్రిస్టల్ అడిగితే షాపతను "8051 చిప్ కా? అయితే 11.0592 తీసుకో" అన్న ముక్క. దానికి కారణం కూడా కలుపు. 8051లో 11.0592 మెగాహెర్ట్జ్‌ని 12తో, 32తో, 3తో భాగిస్తే సరిగ్గా 9600 వస్తుంది. 12 మెగాహెర్ట్జ్ పెడితే అదే సెట్టింగ్‌తో 10,417 వస్తుంది, ఎనిమిదిన్నర శాతం తేడా, స్క్రీన్ నిండా చెత్త అక్షరాలు. ఆ షాపతను ఒక్క మాటలో చెప్పిన దాని వెనక ఇంత లెక్క ఉందని, ఆ ముక్క చదువుతుంటే గుర్తొచ్చి నాకు నిజంగా ముచ్చటేసింది. నీ వ్యాసంలో నీ గొంతు వినిపించింది అక్కడే.

వచ్చే శనివారం ఇంటికి రా. వచ్చేటప్పుడు అదే షాపులో పిన్ ఎప్పుడు పైకి లేచిందో, ఎప్పుడు దిగిందో కొలిచి చూపించే ఎనిమిది చానెళ్ల చిన్న లాజిక్ అనలైజర్ ఒకటి తీసుకురా, డబ్బులు నేనిస్తాను. నీ ఐఎస్ఆర్ మొదట్లో ఒక పిన్ పైకి లేపి, చివర్లో దించేలా రెండు లైన్లు పెట్టుకో. ఒక చానెల్ ఆ పిన్‌కి, ఇంకోటి బైట్లు వచ్చే ఆర్ఎక్స్ లైన్‌కి తగిలించి ఫైల్ పంపుదాం. నీ పాత ఐఎస్ఆర్‌తో ఒకసారి, కొత్తదాంతో ఒకసారి. నీ వ్యాసం ప్రింట్ తీసి, రెండో పేరా దగ్గర 87 మైక్రోసెకండ్ల లెక్క రాసి, దాని పక్కన పెన్సిల్‌తో ఒక ఖాళీ గీత గీసి ఉంచాను. "ఇందులో మన ఐఎస్ఆర్‌కి పట్టింది" అని రాసి వదిలాను. ఆ అంకె నీ బోర్డు మీద కొలిచి నువ్వే నింపాలి.

అమ్మకి, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

అక్క