ఆరు రోజుల సెలవులో పంచకర్మ అవుతుందా? వెల్‌నెస్ రిసార్ట్ ఎంచుకునే ముందు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది విజయవాడ. ఈ డిసెంబర్‌కి మా పెళ్లై ముప్పై ఏళ్లు. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఏదైనా మంచి వెల్‌నెస్ రిసార్ట్‌కి వెళ్లి రమ్మంటోంది, రెండున్నర లక్షల దాకా తనే పెట్టుకుంటానంది. ప్రయాణంతో కలిపి ఆరు రోజులే టైమ్ ఉంది. నాకు మోకాళ్ల నొప్పులు, మావారికి రోజుకి మూడు కాఫీలు పడకపోతే మనిషి మనిషిలా ఉండరు. నెట్‌లో చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి, స్విమ్మింగ్ పూల్, నుదుటి మీద నూనె ధార, పళ్లెంలో పూలు. కేరళ వెళ్లమంటారా, రుషికేశ్ దగ్గర ఆనంద బాగుంటుందా, లేక మన వైజాగ్ చాలా? పంచకర్మ కూడా చేయించుకొచ్చెయ్యమంటున్నారు అందరూ. – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, ముందుగా ముప్పై ఏళ్లకి శుభాకాంక్షలు. ఊరు సంగతి తర్వాత చూద్దాం, ముందు మీరిద్దరూ కూర్చుని ఒక్క విషయం తేల్చుకోండి, వెళ్లేది సేద తీరడానికా, చికిత్సకా? ఈ రెండూ ఒకే రిసార్ట్‌లో దొరుకుతాయి గానీ ఒకే ఆరు రోజుల్లో దొరకవు.

ఎందుకంటే పంచకర్మ అంటే మసాజ్ కాదు. వమనం (వాంతి చేయించడం), విరేచనం, వస్తి (ఎనిమా లాంటిది), నస్యం (ముక్కులో మందు వెయ్యడం), రక్తమోక్షణం (రక్తం తియ్యడం), ఇవీ ఆ అయిదు. అందులో ఎవరికి ఏది అవసరమో డాక్టర్ చూసి చెప్తారు, అయిదూ అందరికీ చెయ్యరు. దానికి ముందు కొన్ని రోజులు పొద్దున్నే పరగడుపున నెయ్యి తాగిస్తారు, రోజురోజుకీ మోతాదు పెంచుతూ, ఆ తర్వాత నూనె పట్టించి చెమట పట్టిస్తారు, అప్పుడు అసలు కర్మ, అది అయ్యాక మళ్లీ పల్చటి జావతో మొదలుపెట్టి మెల్లిగా మామూలు భోజనానికి తీసుకొస్తారు. పద్ధతిగా చేస్తే రెండు మూడు వారాలు పడుతుంది. పట్టుదలగా నడిపే చోట, అంటే పాలక్కాడ్ దగ్గర కొల్లెంగోడ్‌లో పాత రాజభవనంలో పెట్టిన కళరి కోవిలకం లాంటి చోట, మాంసం, మద్యం ఊసే ఉండదు, అక్కడికి వెళ్లేవాళ్లు హాలిడే అనుకుని వెళ్లరు. విరేచనం అయిన రోజు మనిషి నీరసంగా మంచం మీదే ఉంటారు, ఆ మర్నాడు సూట్‌కేస్ సర్దుకుని ఎయిర్‌పోర్ట్‌కి పరిగెత్తే పరిస్థితి ఉండకూడదు. కాబట్టి ఆరు రోజుల పంచకర్మ ప్యాకేజీ అని ఎవరైనా అమ్మితే అందులో ఉండేవి అభ్యంగనం (ఒళ్లంతా నూనె మర్దన), శిరోధార (నుదుటి మీద నూనె ధార), కిళి (మందు మూటతో కాపడం) లాంటివే. అవి మంచివే, హాయిగా ఉంటాయి, కానీ పంచకర్మ పేరుతో డబ్బు ఎక్కువ ఇవ్వకండి.

మీకున్న రోజులకి సేద తీరే ప్యాకేజీయే కరెక్ట్, అందులో మీ మోకాళ్లకి పనికొచ్చేవి పెట్టించుకోండి. జానువస్తి అని ఉంటుంది, మోకాలి చుట్టూ తడిపిన మినప్పిండి ముద్దతో చిన్న గోడ కట్టి దాన్లో గోరువెచ్చటి ఔషధ తైలం పోస్తారు, చల్లారుతుంటే తీసి మళ్లీ వేడిది పోస్తారు, అలా అరగంట పైగా కదలకుండా పడుకోవాలి. ఇంకోటి ఞవర కిళి, ఞవర అనే కేరళ బియ్యాన్ని పాలల్లో, బలా అనే మొక్క వేరు కషాయంలో ఉడికించి గుడ్డలో మూటకట్టి, అటొకరు ఇటొకరు నిలబడి ఇద్దరూ ఒకే వేగంతో ఒంటి మీద రుద్దుతారు. అయ్యాక సబ్బు ఇవ్వరు, పెసరపిండితో నూనె తీసేస్తారు (మన సున్నిపిండి అలవాటున్న వాళ్లకి ఇది కొత్తేం కాదు), తల తుడిచాక మాడు మీద రాస్నాది చూర్ణం చిటికెడు రుద్దుతారు జలుబు చెయ్యకుండా. నొప్పి తగ్గి కొన్ని వారాలు తేలిగ్గా ఉండొచ్చు, అరిగిన కీలు తిరిగి వస్తుందని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి.

ఇప్పుడు ఊరు. ఆనంద గురించి అడిగారు, నరేంద్రనగర్‌లో టెహ్రీ గఢ్వాల్ మహారాజా ప్యాలెస్ ఎస్టేట్‌లో 2000లో మొదలుపెట్టారు, కింద లోయ, దూరంగా గంగ, ఆ చోటుకి వంక పెట్టలేం. కానీ ఇద్దరికీ కలిపి మీ బడ్జెట్‌లో అన్ని రాత్రులు రావు, పైగా డిసెంబర్‌లో పొగమంచుకి ఢిల్లీ, డెహ్రాడూన్ ఫ్లైట్లు లేటవుతాయి, ఆరు రోజుల్లో ఒక రోజు ఎయిర్‌పోర్ట్‌లో పోతే బాధే కదా. వైజాగ్‌లో రుషికొండ వైపు కొండ మీద పెమా వెల్‌నెస్ ఉంది, సముద్రం కనిపిస్తుంది, డిసెంబర్ వాతావరణం బ్రహ్మాండంగా ఉంటుంది, మీకు వందే భారత్‌లో సాయంత్రం ఎక్కితే రాత్రికి దిగిపోతారు. అయితే అక్కడ ప్రధానంగా ప్రకృతి వైద్యం. ప్రకృతి వైద్యం అంటే ఉప్పు, నూనె బాగా తక్కువ, పచ్చివి, జ్యూసులు, కొలిచి పెట్టే భోజనం. బరువు తగ్గాలని వెళ్లేవాళ్లకి అది చాలా మంచిది, పెళ్లిరోజు చేసుకోవడానికి వెళ్లిన భర్త మాత్రం మూడో రోజుకి ఆకలితో చిరాకు పడతారు.

అందుకని నన్నడిగితే మీకు కేరళే చెప్తాను. ఆయుర్వేద రిసార్ట్‌లో వండిన వేడి భోజనం పెడతారు, మీ మోకాళ్లకి కావాల్సిన చికిత్సలు వాళ్ల చేతిలో పని, కోవలం పక్కన చొవర దగ్గర సోమతీరం 1985 నుంచీ ఉంది, దాని చుట్టుపక్కల ఇంకా చాలా ఉన్నాయి, మీ బడ్జెట్‌లో వచ్చేవీ ఉన్నాయి. రైల్లో అయితే కేరళ ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు ఒక రోజు పోతుంది, ఫ్లైటే తీసుకోండి. కేరళ టూరిజం వాళ్లు ఆయుర్వేద సెంటర్లకి గ్రీన్ లీఫ్, ఆలివ్ లీఫ్ అని గుర్తింపు ఇస్తూ వచ్చారు, ఇప్పుడు ఆయుర్ డైమండ్, గోల్డ్, సిల్వర్ అని కూడా ఉన్నాయి, వాటిలో ఏదో ఒకటి ఉందా అని చూడండి. క్రిస్మస్ వారం నుంచి జనవరి మొదటి వారం దాకా రేట్లు మండిపోతాయి, డిసెంబర్ 20 లోపు వెళ్లొచ్చేలా చూసుకోండి. డేట్స్ మార్చుకోగలిగితే ఇంకో మాట, మలయాళీలు తాము చేయించుకునేది కర్కాటక మాసంలో, అంటే జూలై సగం నుంచి ఆగస్టు సగం దాకా, వానల్లో. అప్పుడు సముద్రంలో దిగలేరు గానీ జనం తక్కువ, రేట్లూ తక్కువ.

బుక్ చేసే ముందు ఫోన్ చేసి మాట్లాడండి, వెబ్‌సైట్ చూసి డబ్బు కట్టకండి. బీఏఎంఎస్ అనే ఆయుర్వేద డిగ్రీ చదివిన డాక్టర్ అక్కడే ఉంటారా, వారానికి రెండు సార్లు వచ్చిపోతారా అని అడగండి, ప్రకృతి వైద్యం అయితే బీఎన్‌వైఎస్. మొదటి రోజు డాక్టర్ ఎంతసేపు చూస్తారో అడగండి, నాడి పట్టుకుని అయిదు నిమిషాల్లో పంపించేస్తే అక్కడ అందరికీ ఒకటే ప్యాకేజీ అని అర్థం. అన్నిటికంటే మీకు ముఖ్యమైంది, రూమ్ నుంచి ట్రీట్‌మెంట్ బ్లాక్‌కీ డైనింగ్‌కీ ఎన్ని మెట్లున్నాయో కనుక్కోండి. కోవలం, చొవర వైపు చాలా రిసార్ట్‌లు కొండ వాలు మీద కట్టారు, సీ వ్యూ కాటేజ్ అని ఎక్కువ డబ్బు పెట్టి రోజుకి నాలుగు సార్లు ఆ మెట్లు ఎక్కి దిగితే మోకాళ్లకి చేయించుకున్నదంతా వృథా. సీ వ్యూ వదిలేసి కింద రూమ్ తీసుకోండి. రూమ్ రోజుకి 7,500 రూపాయలు దాటితే 18 శాతం జీఎస్టీ పడుతుంది, వాళ్లు చెప్పే రేటులో అది కలిసిందో లేదో, రోజుకి ఎన్ని చికిత్సలో, మందుల ఖర్చు వేరో కాదో మెయిల్‌లో రాయించుకోండి. మీవారికి చికిత్సలు వద్దంటే తోడుగా వచ్చినవారి రేటు చాలా చోట్ల ఉంటుంది, బాగా తేడా వస్తుంది.

ఆయన కాఫీ గురించి, నవ్వులాటకి కాదు, నిజంగా చెప్తున్నాను, చాలా చోట్ల కాఫీ ఇవ్వరు, ఉన్నట్టుండి మానేస్తే మర్నాటికే తలనొప్పి పట్టుకుంటుంది, రెండు మూడు రోజులు వదలదు. వెళ్లడానికి పది రోజుల ముందు నుంచే మూడు రెండు, రెండు ఒకటి చేసుకుంటూ రమ్మనండి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, గచ్చిబౌలిలో జాబ్, బర్న్‌ అవుట్ అయిపోయాను అనిపిస్తోంది. ఒక్కదాన్నే వారం వెళ్దామనుకుంటున్నా. సేఫేనా? మసాజ్ అంటే బట్టల సంగతి ఎవరూ చెప్పరు, అడగడానికి మొహమాటం. – హైదరాబాద్ నుంచి

జవాబు: అడిగి మంచిపని చేశావు, చాలామంది ఇది అడగలేక అక్కడ బిగుసుకుపోయి పడుకుంటారు, డబ్బులు పోసి ఆ గంటంతా ఇబ్బంది పడతారు. గుర్తింపున్న ఆయుర్వేద సెంటర్లలో ఆడవాళ్లకి ఆడవాళ్లే చేస్తారు, మగవాళ్లకి మగవాళ్లే, ఇది అక్కడ పద్ధతి. అయినా బుకింగ్‌లోనే రాయించుకో. అభ్యంగనానికి మామూలుగా ఒక చిన్న గోచీ లాంటి డిస్పోజబుల్ గుడ్డ ఇస్తారు, అంతే ఉంటుంది. వద్దనుకుంటే ముందే చెప్పు, ఏ భాగం కప్పి ఉంచాలో చెప్పు, కావాలంటే శిరోధార, పాదాలు, తల వరకే చేయించుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. పీరియడ్స్ రోజుల్లో చాలా చికిత్సలు చెయ్యరు, డేట్స్ దాన్ని బట్టి పెట్టుకో. ఒంటరిగా వెళ్లే వాళ్లు ఇలాంటి చోట్ల బోలెడు మంది ఉంటారు, రాత్రి పొద్దుపోయి దిగే ఫ్లైట్ తీసుకోకుండా రిసార్ట్ కారే పిలిపించుకుంటే చాలు.

ఇంకో మాట తల్లీ, ఆఫీస్ ల్యాప్‌టాప్ తీసుకెళ్లకు. నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం నెలలుగా ఉంటే మాత్రం రిసార్ట్ కంటే ముందు ఒక సైకియాట్రిస్ట్‌ని కలువు, ఆ తర్వాత హాలిడే.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. అమ్మకి 68, షుగర్ ఉంది, ఇన్సులిన్ తీసుకుంటుంది, బీపీ కూడా. నేను వచ్చినప్పుడు ఒక వారం లగ్జరీ డిటాక్స్ ప్రోగ్రామ్‌కి తీసుకెళ్లాలని ఉంది, జ్యూస్ ఫాస్టింగ్ బాగుంటుందని ఫ్రెండ్స్ చెప్పారు. – ఒక కొడుకు

జవాబు: బాబూ, నీ ప్రేమ అర్థమైంది, కానీ ఫాస్టింగ్ వద్దు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు తిండి తగ్గించి మందు అలాగే ఉంచితే షుగర్ పడిపోతుంది, రాత్రిపూట అయితే గమనించేవాళ్లు కూడా ఉండరు, ప్రాణం మీదకి వస్తుంది. అమ్మని చూసే డాక్టర్‌కి రిసార్ట్ వాళ్ల మెనూ, చికిత్సల లిస్ట్ పంపించి, మోతాదు ఏం చెయ్యాలో ఆయనతోనే చెప్పించుకో. అక్కడ డాక్టర్ ఇంగ్లిష్ మందులు ఆపెయ్యమంటే ఆపొద్దు, ఇది చాలా గట్టిగా చెప్తున్నా. లోపలికి ఇచ్చే మందుల్లో ఏమున్నాయో కాగితం మీద రాసివ్వమను, భస్మాలు, రసౌషధాల్లో పాదరసం, సీసం లాంటి లోహాలు ఉంటాయి, ఈ వయసులో కిడ్నీలతో ఆటలాడకూడదు. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, కిళి వేడి తెలియక బొబ్బలెక్కవచ్చు, ఆవిరి పెట్టెలో బీపీ పడి లేవగానే తూలవచ్చు. మూడు పూటలా భోజనం పెట్టే ప్యాకేజీ, మెత్తటి అభ్యంగనం, పొద్దునా సాయంత్రం నీతో నడక, దగ్గర్లో మంచి హాస్పిటల్ ఉన్న ఊరు, అమ్మకి ఇవి చాలు. నువ్వు పక్క రూమ్ కాకుండా అదే రూమ్‌లో పడుకో.

ప్రశ్న: ఇన్ని లక్షలు పెట్టాలా? మట్టి పట్టీ, ఆవిరి స్నానం మన దగ్గర లేవా? – భీమవరం నుంచి ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: ఎందుకు లేవు మాస్టారూ, మీ భీమవరంలోనే ప్రకృతి ఆశ్రమం ఉంది, విజయవాడ దగ్గర కృష్ణ ఒడ్డున మంతెన సత్యనారాయణ రాజు గారి ఆరోగ్యాలయం ఉంది, హైదరాబాద్ అమీర్‌పేట్‌లో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం ఉంది. ఒంటికి వేసే మట్టి అదే మట్టి. లగ్జరీ చోట మీరు కొనేది ఏకాంతం, పెద్ద రూమ్, రుచిగా వండిన పథ్యం, మీ ఒక్కరి కోసం కేటాయించిన మనిషి. నలుగురితో కలిసి ఉండటానికి, క్రమశిక్షణకి ఇబ్బంది లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. గదులు త్వరగా నిండిపోతాయి, ముందే రాయించుకోండి.

ప్రశ్న: రిసార్ట్ బిల్లు హెల్త్ ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ అవుతుందా? – గుంటూరు

జవాబు: అవ్వదండి. మీ పాలసీలో ఎక్స్‌క్లూజన్ కోడ్ 13 దగ్గర చూడండి, స్పాలు, నేచర్ క్యూర్ క్లినిక్‌ల లాంటి చోట్ల చేయించుకున్న చికిత్సకి డబ్బు ఇవ్వబోమని రాసి ఉంటుంది. ఆయుష్ కవర్, అంటే ఆయుర్వేదం లాంటి చికిత్సలకి ఇచ్చే కవర్, గుర్తింపున్న ఆయుష్ హాస్పిటల్లో డాక్టర్ సలహాతో ఇన్‌పేషెంట్‌గా చేరితేనే. మీ మోకాలికో నడుముకో నిజంగా చికిత్స కావాలనుకుంటే కొట్టక్కల్ ఆర్యవైద్యశాల లాంటి హాస్పిటల్‌కి వెళ్లడం మేలు, చేరే ముందే ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి ఆ హాస్పిటల్ పేరు చెప్పి, అప్రూవల్ మెయిల్‌లో తెప్పించుకోండి.