మా అమ్మాయి సాయంత్రాల్లో రోడ్డు మీద చనిపోయిన జంతువులను చూసి పట్టిక రాస్తోంది. అందులో కుక్కలు, పిల్లులే ఉన్నాయి, కప్పలు ఎందుకు లేవు?

మీ అమ్మాయి సాయంత్రాల్లో రాసిన పట్టికలో కుక్కలు, పిల్లులే ఉండి కప్పలు లేకపోవడానికి కారణం చాలావరకు చూసిన సమయమే. రాత్రి వానలో చక్రాల కింద నలిగిన కప్పను తెల్లవారగానే కాకులు ఎత్తుకుపోతాయి, మిగిలిన చర్మం ఎండకు తారుకు అంటుకుపోయి గుర్తుపట్టరాకుండా పోతుంది. పెద్ద కళేబరాలు మాత్రం రోజుల తరబడి ఉంటాయి.

1. పెద్దవారి తోడుతో, సూర్యోదయం కాగానే, ప్రతిసారీ అదే దారిలో రోడ్డు అంచున నడిచి చూడండి.

2. ఏమీ కనిపించని రోజున కూడా తేదీ, నడిచిన దూరం రాసి "సున్నా" అని నమోదు చేయించండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. ఆ సున్నాలు లేకపోతే జంతువులు తక్కువగా చనిపోయాయా, మనమే తక్కువసార్లు చూశామా అన్నది ఏ శాస్త్రవేత్తా తేల్చలేరు.

3. వాహనాలు లేనప్పుడు, కళేబరాన్ని తాకకుండా, పక్కన స్కేలు పెట్టి మీరే ఫోటో తీయండి. కొలతలు చాలా విలువైనవి: అమెరికాలోని నెబ్రాస్కాలో దాదాపు 30 ఏళ్లు సాగిన పరిశీలనలో, వాహనాలు ఢీకొని చనిపోయిన క్లిఫ్ స్వాలో పక్షుల రెక్కలు మిగతా పక్షుల రెక్కలకన్నా పొడవుగా ఉన్నాయని కొలిచి చూసినందువల్లే తెలిసింది.